పేరు తెలియని సమాధి నుంచి దేశవ్యాప్త జాబితా వరకు: 1968 నాటి కెంటకీ హత్య కేసు నేపథ్యం

అమెరికాలో ముప్పై, నలభై, యాభై ఏళ్ల కిందట హత్యకు గురై, గుర్తు తెలియని మృతదేహాలుగా ఖననమైనవారి పేర్లు గత పాతికేళ్లుగా ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. వాటిలో కొన్నిటి వెనుక పోలీసు ఉద్యోగం గానీ, నేరపరిశోధనలో శిక్షణ గానీ లేని సామాన్యుల శ్రమ ఉంది. ఇది కాలక్షేపమని కొందరు, పోలీసుల పనిలో అనవసర జోక్యమని మరికొందరు అంటారు. ఈ వాదనలో ఎటు మొగ్గాలన్నా ముందు కెంటకీ రాష్ట్రంలో 1968లో దొరికిన ఒక మృతదేహం సంగతి తెలుసుకోవాలి. ఔత్సాహికుల పరిశోధనకు ఇవాళ ఉన్న రూపం చాలావరకు ఆ కేసుతోనే ఏర్పడింది.

1968 మే 17న కెంటకీలోని స్కాట్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా వంటిది), జార్జ్‌టౌన్ పట్టణానికి ఉత్తరాన 25వ నంబరు రహదారి పక్కన, బావులు తవ్వే వృత్తిలో ఉన్న ఒక వ్యక్తి కరెంటు స్తంభాల నుంచి తీసి పారేసిన గాజు ఇన్సులేటర్లు ఏరుకుంటూ నడుస్తున్నాడు. పొదల మధ్య ఆకుపచ్చ టార్పాలిన్‌తో చుట్టి, తాడుతో బిగించి కట్టిన మూట ఒకటి అతని కంటపడింది. అందులో ఉన్నది బాగా కుళ్లిపోయిన ఒక యువతి మృతదేహం. ముఖం ఆనవాలు పట్టే స్థితిలో లేదు. శవపరీక్ష చేసినవారు ఆమె వయసు 16 నుంచి 19 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, జుట్టు ఎరుపు కలిసిన గోధుమరంగు అని నమోదు చేశారు. చనిపోయి రెండు మూడు వారాలై ఉంటుందని అంచనా వేశారు. డేరా గుడ్డలో దొరికింది కాబట్టి పత్రికలు ఆమెను ‘టెంట్ గర్ల్’ అన్నాయి. ఆ తరువాత ముప్పై ఏళ్లపాటు ఆమెకు మరో పేరు లేదు.

పోలీసులు చేతులు ముడుచుకుని కూర్చోలేదన్నది ఇక్కడ చెప్పి తీరాలి. బతికి ఉండగా ఆమె ఎలా ఉండేదో ఊహించి చిత్రకారుడి చేత బొమ్మ గీయించారు, దాన్ని పత్రికల్లో వేయించారు. ఒక డిటెక్టివ్ పత్రిక ఆ బొమ్మతో సహా కథనం ప్రచురించింది. ఎవరూ ముందుకు రాకపోవడంతో ఆమెను జార్జ్‌టౌన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. 1971లో స్థానిక దాతల చలవతో సమాధిపై ఒక రాయి వెలిసింది. దాని మీద ఆ ఊహాచిత్రాన్ని, దొరికిన తేదీని, చనిపోయి ఉండగల రోజుల అంచనాను, వయసును, ఎత్తును, బరువును, జుట్టు రంగును చెక్కించారు. సమాధి రాళ్ల మీద సాధారణంగా ఉండే ప్రార్థనా వాక్యాలకు బదులు పోలీసు ప్రకటనలో ఉండవలసిన ఆనవాళ్లు ఉండటం వల్ల, ఆ దారిన పోయే ప్రతివారికీ ఆ రాయి ఈమె ఎవరో మీకు తెలుసా అని అడుగుతూనే ఉంది. ఆ ఊరివాళ్లు ఆమెను మరచిపోకుండా ఉన్నారంటే అందులో ఆ దాతల పాత్ర ఎక్కువ.

అయినా జవాబు ఎందుకు రాలేదన్న దానికి రెండు కారణాలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది వయసు అంచనా. నిజానికి ఆమెకు 24 ఏళ్లు. పెళ్లయింది, తల్లి కూడా అయింది. ఇరవై దాటని అమ్మాయి కోసం వెతుకుతున్న దర్యాప్తు బృందం పిల్లల తల్లి వైపు చూసే అవకాశమే లేదు. మృతదేహంతోపాటు ఒక తెల్లని గుడ్డ కూడా దొరికింది. అది పసిబిడ్డలకు కట్టే గుడ్డ అయి ఉండవచ్చునన్న ఆలోచన ఆ తొలి అంచనా వల్లే పక్కకు పోయింది. చేతిలో ఉన్న ఆధారాన్ని ముందే స్థిరపడిన అభిప్రాయం ఎలా మూగదాన్ని చేస్తుందో చూపడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు కనబడదు.

రెండవది వ్యవస్థలో ఉన్న లోటు. నేర సమాచారాన్ని దేశమంతటికీ అందుబాటులో ఉంచే కంప్యూటర్ కేంద్రాన్ని ఎఫ్‌బీఐ 1967లోనే ప్రారంభించినా, అందులో కనిపించకుండా పోయినవారి విభాగం 1975లో గానీ, గుర్తు తెలియని మృతదేహాల విభాగం 1983లో గానీ ఏర్పడలేదు. అంటే 1968లో ఒక కౌంటీలో శవం దొరికితే, పక్క కౌంటీలో తప్పిపోయిన మనిషి వివరాలతో దాన్ని పోల్చి చూడటం ఆ ఇద్దరు అధికారులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మీదే ఆధారపడి ఉండేది. పోల్చడానికి అసలు ఫిర్యాదంటూ ఒకటి ఉండాలి కదా. ఈ కేసులో ఆమె కనిపించడం లేదని భర్త ఫిర్యాదు చేయలేదు. మరొకరితో వెళ్లిపోయిందని ఆమె పుట్టింటివారికి చెప్పాడు. ఆమె చివరిసారిగా కనిపించిన లెక్సింగ్టన్ నగరం జార్జ్‌టౌన్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఆ కాస్త దూరం దాటడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

ఆ దూరాన్ని దాటించిన వ్యక్తి టాడ్ మాథ్యూస్. టెన్నెసీ రాష్ట్రంలోని లివింగ్‌స్టన్ అనే చిన్న ఊరిలో ఫ్యాక్టరీ కార్మికుడు. మృతదేహం దొరికేనాటికి అతను పుట్టనే లేదు. 1987లో, పదిహేడేళ్ల వయసులో, తాను తరువాత పెళ్లి చేసుకున్న అమ్మాయి ద్వారా ఈ సంగతి విన్నాడు. రహదారి పక్కన ఆ మూటను మొదట చూసిన వ్యక్తి ఆమె తండ్రి. అప్పటినుంచి అతను ఆ విషయాన్ని వదలలేదు. జార్జ్‌టౌన్ వెళ్లి సమాధి చూశాడు, పాత పత్రికలు తిరగేశాడు, అధికారులను కలిశాడు, ఉత్తరాలు రాశాడు. తన తోబుట్టువులు ఇద్దరు పసితనంలోనే పోయారనీ, వాళ్ల సమాధుల దగ్గరకు వెళ్లి నిలబడగలిగే తన కుటుంబానికి ఉన్న ఊరట ఈ అమ్మాయి కుటుంబానికి లేకపోవడమే తనను కదిలించిందనీ ఆయన తరువాతి కాలంలో చెప్పుకొచ్చారు. ఒక అపరిచితురాలి కోసం పదేళ్లు తిరగడానికి కారణమేమిటని అడిగేవారికి ఈ జవాబు చాలని నేను అనుకుంటాను.

1990ల మధ్యలో ఇళ్లలోకి ఇంటర్నెట్ వచ్చాక ఆయన పని తీరే మారిపోయింది. అంతవరకు ఆయన దొరికిన శవం వైపు నుంచి వెతుకుతున్నారు. ఇప్పుడు తప్పిపోయినవారి బంధువులు తమ గోడు రాసుకునే పేజీలు తెరుచుకున్నాయి. పగలు ఫ్యాక్టరీ పని, రాత్రి కంప్యూటర్ ముందు వెతుకులాట. 1998 జనవరిలో ఒక రాత్రి అర్కాన్సా రాష్ట్రంలో ఉంటున్న ఒక మహిళ పెట్టిన ప్రకటన ఆయనకు కనిపించింది. తన అక్క బార్బరా ఆన్ హాక్‌మన్ టేలర్ 1967 చివరలో లెక్సింగ్టన్ ప్రాంతంలో కనిపించకుండా పోయిందని ఆమె అందులో రాసింది. ఎత్తు, జుట్టు రంగు, కాలం, చోటు అన్నీ సరిపోయాయి. వయసు ఒక్కటే సరిపోలేదు. ఇన్నేళ్లుగా అందరినీ తప్పుదోవ పట్టించిన ఆ ఒక్క అంకెను పక్కన పెట్టడానికి ఆయన సిద్ధపడటమే కేసును మలుపు తిప్పింది.

ఆ తరువాత ఆయన ఏం చేశారన్నది అంతే ముఖ్యం. పేరును పత్రికలకు ఇవ్వలేదు, భర్తే హంతకుడని ప్రకటించలేదు. ఆ కుటుంబంతో మాట్లాడి, వివరాలను స్కాట్ కౌంటీ పోలీసు అధికారి అయిన షెరిఫ్ కార్యాలయానికి చేర్చారు. 1998 మార్చి 2న అధికారుల సమక్షంలో సమాధి తవ్వి అవశేషాలను బయటికి తీశారు. వాటి డీఎన్‌ఏను చెల్లెలి డీఎన్‌ఏతో పోల్చగా, టెంట్ గర్ల్ బార్బరాయేనని ఏప్రిల్‌లో నిర్ధారణ అయింది. కుటుంబం ఆమెను జార్జ్‌టౌన్‌లోనే ఉంచాలని నిర్ణయించుకుంది. పాత రాయిని తొలగించకుండా, అసలు పేరుతో మరో రాయిని దానికి జతచేశారు.

పేరు దొరికింది గానీ న్యాయవిచారణ జరగలేదు. అనుమానం భర్త మీదికే వెళ్లినా, అతను 1987లోనే కేన్సర్‌తో మరణించాడు. అంటే మాథ్యూస్ ఈ కేసు గురించి తొలిసారి విన్న సంవత్సరంలోనే, ప్రశ్నించవలసిన మనిషి చట్టానికి అందకుండా పోయాడు. అభియోగం నమోదు కానందున, కోర్టు ఎదుట నిలబడి సమాధానం చెప్పే అవకాశం అతనికి ఎన్నడూ రానందున, అతన్ని హంతకుడని రాయడం ఇవాళ్టికీ సరికాదు. ఔత్సాహిక పరిశోధకులను పొగిడే కథనాలు చాలా వరకు ఈ సంగతిని దాటవేస్తాయి.

ఈ విజయం తరువాత మాథ్యూస్‌కు దేశం నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి. 1999లో మొదలైన డో నెట్‌వర్క్ అనే స్వచ్ఛంద బృందంలో ఆయన చేరి, దాని ముఖ్యులలో ఒకరయ్యారు. పేరు తెలియని మృతదేహాల వివరాలను ఒకవైపు, తప్పిపోయినవారి వివరాలను మరోవైపు పేర్చి, పోలికలు కనబడితే సంబంధిత పోలీసులకు పంపడం ఆ బృందం పని. సమస్య ఎంత పెద్దదో ప్రభుత్వ గణాంకాలు ఆలస్యంగా చెప్పాయి. అమెరికా న్యాయశాఖ 2007లో వెలువరించిన సర్వే ప్రకారం మరణ విచారణ కార్యాలయాలకు ఏటా సుమారు 4,400 గుర్తు తెలియని మృతదేహాలు చేరుతున్నాయి, వాటిలో సుమారు 1,000 ఏడాది గడిచినా పేరు లేకుండానే మిగులుతున్నాయి. అప్పటికి దేశం మొత్తం మీద అలా పోగుపడినవి దాదాపు 40,000 ఉంటాయని అంచనా. ఆ శాఖే నేమస్ పేరుతో దేశవ్యాప్త జాబితాను నెలకొల్పింది. మృతదేహాల విభాగం 2007లో మొదలైంది, దాన్ని తప్పిపోయినవారి విభాగంతో 2009లో అనుసంధానించారు. అందులో ప్రజలు కూడా వెతకవచ్చు. ఫ్యాక్టరీ పని చేసుకుంటూ సొంతంగా ఈ బాట పట్టిన మాథ్యూస్ చివరికి ఆ వ్యవస్థలోనే ఉద్యోగిగా చాలా ఏళ్లు పనిచేశారు. ఔత్సాహికులు పోలీసులకు అడ్డు అనేవారు ఈ ఒక్క పరిణామాన్ని పరిశీలిస్తే చాలు.

మన దేశంలో పరిస్థితి వేరు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం 1988 నాటికే దేశీయ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని రూపొందించింది కాబట్టి శాస్త్రపరంగా మనం వెనుకబడలేదు. కానీ తప్పిపోయినవారికి, గుర్తు తెలియని మృతులకు విడివిడిగా డీఎన్‌ఏ వివరాల జాబితాలు ఏర్పరచాలని ప్రతిపాదించిన బిల్లును 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టి, 2023లో ఉపసంహరించుకున్నారు. వ్యక్తిగత గోప్యతపై వ్యక్తమైన ఆందోళనలు తేలికైనవి కావు. అయితే దినపత్రికల జిల్లా పేజీల్లో కనిపించే ‘గుర్తు తెలియని మృతదేహం లభ్యం’ అన్న చిన్న వార్తల వెనుక కూడా ఎక్కడో ఒక కుటుంబం ఎదురుచూస్తూనే ఉంటుంది. ఆ కుటుంబం పక్షాన పార్లమెంటులో గట్టిగా మాట్లాడినవారు తక్కువ.

మాథ్యూస్ పద్ధతి యాదృచ్ఛికంగా ఒక్కసారి ఫలించింది కాదని న్యూహాంప్‌షైర్‌లోని అలెన్స్‌టౌన్ హత్యలు నిరూపించాయి. బేర్ బ్రూక్ పార్కు దగ్గర 1985లో ఒక పీపాలో ఒక మహిళ, ఒక బాలిక మృతదేహాలు దొరికాయి. అక్కడికి కొద్ది దూరంలోనే 2000లో మరో పీపా, అందులో మరో ఇద్దరు పసిపిల్లలు బయటపడ్డారు. హంతకుడు టెర్రీ రాస్ముసెన్ అని 2017లో తేలింది గానీ, అప్పటికే అతను మరో హత్యకు శిక్ష అనుభవిస్తూ 2010లో కాలిఫోర్నియా జైలులో చనిపోయాడు. చనిపోయినవారి పేర్లు మాత్రం తెలియలేదు. కనెక్టికట్‌కు చెందిన ఒక లైబ్రేరియన్ వంశవృక్షాలు వెతుక్కునేవారి ఇంటర్నెట్ చర్చావేదికల్లో ఏళ్ల కిందటి ప్రకటనలు ఒక్కొక్కటిగా చదువుతూ, తప్పిపోయిన ఒక పసిపాప కోసం బంధువులు రాసిన సందేశాన్ని పట్టుకుంది. తీగ లాగితే ఆ పాప తల్లి చివరగా రాస్ముసెన్ అనే ఇంటిపేరున్న వ్యక్తితో కనిపించిందని బయటపడింది. దాదాపు అదే సమయంలో, డీఎన్‌ఏ ఆధారిత వంశపరిశోధన చేసే బార్బరా రే-వెంటర్ కుదుళ్లు లేని వెంట్రుకల నుంచి తీసిన డీఎన్‌ఏ సాయంతో విడిగా అదే కుటుంబాన్ని చేరుకున్నారు. 2019 జూన్‌లో ఆ నలుగురిలో ముగ్గురి పేర్లను, అంటే మార్లిస్ హనీచర్చ్, ఆమె ఇద్దరు కుమార్తెల పేర్లను అధికారులు ప్రకటించారు. ఒకరు ప్రయోగశాల దారిలో, మరొకరు పాత సందేశాలు చదివే ఓపికతో వెళ్లి ఒకే చోటికి చేరడం ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఎక్కువ భరోసా ఇచ్చే విషయం.

2018 నుంచి వివాదం మరో చోటికి మారింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో 1970, 80 దశకాల నాటి వరుస హత్యల కేసులో జోసెఫ్ డీఏంజెలోను పట్టించింది జెడ్‌మ్యాచ్ అనే సైటులో అతని దూరపు బంధువుల డీఎన్‌ఏ వివరాలు. అవి తమ పూర్వీకులను వెతుక్కునేందుకు జనం స్వయంగా పెట్టుకున్నవి. పోలీసులు వాడుకుంటారని తమకు తెలియదని అనేకులు అభ్యంతరం చెప్పడంతో, స్పష్టంగా అనుమతి ఇచ్చినవారి వివరాలనే నేర దర్యాప్తులో పోల్చేలా ఆ సైటు 2019 మేలో నిబంధన మార్చుకుంది. ఆ మార్పు వల్ల అందుబాటులో ఉన్న వివరాలు ఒక్కసారిగా తగ్గిపోయాయి, కొన్ని పాత కేసుల్లో పని మందగించింది. అయినా ఆ నిర్ణయం సరైనదనే నా అభిప్రాయం. అక్కను వెతుక్కుంటున్న ఆ చెల్లెలు 1998లో తన పేరును, తన గోడును తెలిసి, ఇష్టపడి ప్రపంచం ముందు పెట్టింది. డీఎన్‌ఏ ఇచ్చే దూరపు బంధువుకు కూడా ఆ ఎంపిక ఉండాలి. పేర్లు రావడం కొంత ఆలస్యమవుతుందన్న బాధ ఎదురుచూసే కుటుంబాలది కాబట్టి, అనుమతి ఇవ్వమని అడిగే పని కూడా ఔత్సాహిక బృందాలే ఇప్పుడు తలకెత్తుకున్నాయి. పాత పత్రికలు తిరగేయడం కన్నా అది కష్టమైన పని.