పాత యాట్ సైలెన్సర్‌లో నీళ్లు: అపోహలు - వాస్తవాలు

మాది కాకినాడ. దుబాయ్‌లో యాట్‌ల (విలాస పడవల) ఇంజన్ రూముల్లో పనిచేస్తాను. నా చేతికి ఎక్కువగా వచ్చేవి 1980ల నాటి అమెరికన్ మోటార్ యాట్‌లు, వాటిలో జంట డెట్రాయిట్ డీజిల్ ఇంజన్లు. ఊరి నుంచి కొత్తగా వచ్చే కుర్రాళ్లు లారీల మీద, ట్రాక్టర్ల మీద పని నేర్చుకుని వస్తారు. చేతిపనిలో లోటుండదు, సైలెన్సర్ దగ్గరే తడబడతారు. లారీ సైలెన్సర్‌కి చిల్లు పడితే చప్పుడు పెరుగుతుంది. యాట్‌లో అయితే ఇంజన్ పోవచ్చు, పడవ మునగొచ్చు, కింద క్యాబిన్లో పడుకున్నవాళ్ల ప్రాణాల మీదకే రావచ్చు. వాళ్లు నన్ను అడిగినవీ, యజమానులు నాతో వాదించినవీ ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సైలెన్సర్ ఉన్నది చప్పుడు తగ్గించడానికే.

వాస్తవం: కాదు, పొగతో పాటు నీళ్లూ దాని గుండానే బయటికి పోతాయి. ముందు ఆ నీళ్ల దారి తెలుసుకోవాలి. పంపు సముద్రపు నీటిని లోపలికి లాగుతుంది. ఆ నీరు హీట్ ఎక్స్ఛేంజర్‌లో కూలెంట్ వేడిని తీసుకుని, చివర్లో మిక్సింగ్ ఎల్బో అనే వంపు గొట్టం దగ్గర పొగలోకి చిమ్ముతుంది. లోడ్ మీద 400 డిగ్రీలు కూడా దాటే పొగ, ఆ నీళ్లు కలవగానే హోస్ మీద చెయ్యి పెట్టి చూడగలిగేంతగా చల్లబడుతుంది. అందుకే అక్కడి నుంచి వెనక దాకా రబ్బరు హోస్, ఫైబర్‌గ్లాస్ సైలెన్సర్ వాడగలుగుతున్నాం. నీళ్లు లేకపోతే అవి రెండూ కాలిపోయే సరుకే.

పంపులో రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు తెగాయనుకోండి. ఒకటి రెండు నిమిషాల్లోనే హోస్ మాడు వాసన వస్తుంది. టెంపరేచర్ గేజ్ మాత్రం మామూలుగానే ఉంటుంది. అది చూపించేది ఇంజన్ లోపలి కూలెంట్ వేడిని, అంత కూలెంటూ అంత ఇనుమూ వేడెక్కడానికి టైం పడుతుంది. గేజ్ లేచేసరికి సైలెన్సర్ పోయుంటుంది. అందుకే ఎల్బో దాటగానే హోస్‌కి టెంపరేచర్ అలారం కట్టించమని ప్రతి యజమానినీ బతిమాలుతాను. ఇంజన్ స్టార్టయిన ప్రతిసారీ వెనక్కి వెళ్లి, పొగతో పాటు నీళ్లు పడుతున్నాయో లేదో కళ్లతో చూడండి. గల్ఫ్‌లో వేసవికి సముద్రపు నీరే 33, 34 డిగ్రీలుంటుంది. స్ట్రైనర్‌లో (నీళ్ల జల్లెడలో) ఒక్క జెల్లీఫిష్ ఇరుక్కుంటే చాలు.

ఇంపెల్లర్ మార్చేటప్పుడు తెగిన రెక్కలు లెక్కపెట్టండి. దొరకని ముక్క ఎక్కడికీ పోదు. హీట్ ఎక్స్ఛేంజర్ గొట్టాల నోట్లోనే ఉంటుంది.

అపోహ: స్టార్టయ్యేదాకా సెల్ఫ్ కొడుతూ ఉండొచ్చు, మహా అయితే బ్యాటరీ దిగుతుంది.

వాస్తవం: నేను చూసిన నష్టాల్లో ఎక్కువ ఇక్కడివే. సెల్ఫ్ కొట్టినంతసేపూ పంపు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు సైలెన్సర్‌లోకి చేరుతూనే ఉంటాయి. వాటిని బయటికి తోసేది పొగ. ఇంజన్ అందుకోలేదు కాబట్టి పొగ లేదు. సైలెన్సర్ నిండాక నీళ్లు వెనక్కి ఎల్బో దాకా ఎక్కి, తెరిచి ఉన్న వాల్వ్ గుండా సిలిండర్‌లోకి దిగుతాయి. గాలి నలుగుతుంది గానీ నీరు నలగదు. పిస్టన్ పైకొచ్చి ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఒకసారి లంగరు వేసిన యాట్‌లో మా కుర్రాడు జనరేటర్‌కి ఆగకుండా సెల్ఫ్ కొట్టాడు. చివరికి టక్‌మని ఆగింది. "అన్నా, బ్యాటరీ అయిపోయింది" అన్నాడు. బ్యాటరీ బాగానే ఉంది. ఇంజెక్టర్లు విప్పి చేత్తో తిప్పితే ఉప్పునీళ్లు చిమ్మాయి. వెంటనే విప్పాం కాబట్టి రాడ్లు దక్కాయి. ఆయిల్ మాత్రం మజ్జిగలా తెల్లగా వచ్చింది, మూడుసార్లు మార్చాల్సి వచ్చింది. రెండు రోజులు ఆలస్యమై ఉంటే తుప్పు పట్టి ఆ ఇంజన్ పోయేదే.

చేయాల్సింది చిన్నపనే. రెండు ప్రయత్నాల్లో ఇంజన్ అందుకోకపోతే సీకాక్ (సముద్రపు నీరు లోపలికొచ్చే వాల్వ్) మూసేయండి, సైలెన్సర్ డ్రెయిన్ ప్లగ్ విప్పి నీళ్లు వదిలి మళ్లీ బిగించండి. ఆ తర్వాతే సెల్ఫ్ కొట్టండి. ఇంజన్ అందుకున్న మరుక్షణం సీకాక్ తెరవాలి. ఇది మరిచిపోతే పైన చెప్పిన ఇంపెల్లర్ కథే. కాబట్టి ఒక మనిషి సీకాక్ దగ్గరే నిలబడాలి.

పాత యాట్‌లో ఇంజన్ ఆపి ఉన్నప్పుడు కూడా నీరు ఎక్కే దారి ఒకటుంది. నలభై ఏళ్లలో ఏసీలు, అదనపు జనరేటర్, బ్యాటరీలు చేరి పడవ బరువెక్కి కిందికి కూర్చుంటుంది. కట్టినప్పుడు నీటిమట్టానికి బాగా పైనున్న ఎల్బో ఇప్పుడు అంత ఎత్తులో ఉండదు. నీరు సైఫన్ అయి, అంటే గొట్టంలో దానంతటదే లాక్కుని, నెమ్మదిగా లోపలికి నిండుతుంది. ఆ లాగుడు తెంచే యాంటీ సైఫన్ వాల్వ్ ఉంటే దాన్ని విప్పి ఉప్పు కడగండి, లేకపోతే పెట్టించండి. కొత్తలో ఇచ్చిన డ్రాయింగ్ నమ్మొద్దు. ట్యాంకులు నింపి, పడవ నీళ్లలో ఉండగా కొలవండి.

అపోహ: కొంచెం బ్యాక్ ప్రెషర్ (బయటికి పోయే పొగకి ఎదురొచ్చే ఒత్తిడి) ఉంటేనే ఇంజన్‌కి మంచిది.

వాస్తవం: మన ఊళ్లో బైక్ మెకానిక్‌ల దగ్గర పుట్టిన మాటిది. డెట్రాయిట్ 71, 92 సిరీస్‌లు టూ స్ట్రోక్ ఇంజన్లు. బ్లోయర్ తోసిన గాలి సిలిండర్ కింది పోర్టుల్లోంచి (రంధ్రాల్లోంచి) వచ్చి, కాలిన పొగను పై వాల్వుల గుండా తరిమేయాలి. వెనక అడ్డు ఉంటే పాత పొగ కొంత లోపలే మిగిలి, నల్లపొగ, వేడి, పవర్ తగ్గడం మొదలవుతాయి. ఒకసారి వేడెక్కిన సైలెన్సర్‌కి పైన పెయింట్ బాగానే ఉన్నా లోపలి అడ్డపలకలు ఊడి దారికి అడ్డం పడొచ్చు. సైలెన్సర్‌ని పిడికిలితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా మోగాల్సిన చోట మొద్దుగా పలికినా, గోధుమరంగు మచ్చ కనిపించినా అనుమానించాల్సిందే. తేల్చేది మాత్రం ప్రెషర్ గేజే. నీరు కలిసే చోటికి ముందు బిగించి, ఫుల్ లోడ్‌లో చూడాలి. చాలా టర్బో డీజిళ్లకు హద్దు 3 అంగుళాల పాదరసం, అంటే సుమారు 10 కిలోపాస్కల్స్. మీ ఇంజన్ పుస్తకంలో ఉన్న అంకెనే పట్టుకోండి.

అపోహ: స్టెయిన్‌లెస్ వేయిస్తే ఇక చూడక్కర్లేదు.

వాస్తవం: వేడి ఉప్పునీరు, దాంట్లో డీజిల్ గంధకం నుంచి పుట్టే ఆమ్లం. మంచి రకం స్టెయిన్‌లెస్ అయిన 316ఎల్‌కి కూడా దీనివల్ల వెల్డింగుల దగ్గర సూదిమొనంత చిల్లులు పడతాయి. తుడిచిన చోటే మళ్లీ తుప్పుచార కనిపిస్తే వెల్డింగ్ అతుకులతో సరిపెట్టకండి.

అపోహ: హోస్ ఏదైనా ఒకటే.

వాస్తవం: కాదు. రేడియేటర్ హోస్ వేయొద్దు. ఎస్ఏఈ జె2006 (పడవల ఎగ్జాస్ట్ హోస్‌ల ప్రమాణం) అని ముద్రించినదే వేయాలి, ప్రతి కొసకీ రెండేసి క్లాంపులు బిగించాలి.

అపోహ: డీజిల్ పొగ కంపు కొడుతుంది, ప్రమాదం ముందే తెలుస్తుంది.

వాస్తవం: ప్రాణం తీసేది కార్బన్ మోనాక్సైడ్, దానికి వాసన లేదు. డీజిల్‌లో పెట్రోల్ కంటే బాగా తక్కువే గానీ అసలు లేకపోలేదు. పక్కన కట్టిన బోటులో పెట్రోల్ జనరేటర్ ఉంటే దాని గాలి కూడా మీ క్యాబిన్లోకి రావచ్చు. పైగా యాట్ ముందుకు వెళ్తుంటే వెనక గాలి పలచబడి, సొంత పొగనే తిరిగి డెక్ మీదికీ తలుపుల్లోకీ లాక్కుంటుంది. తలనొప్పి, వాంతులు వస్తే సముద్రం పడలేదనుకుని మనిషిని కింద క్యాబిన్లో పడుకోబెడతారు. అదే ఘోరమైన తప్పు. పడుకునే ప్రతి క్యాబిన్లోనూ కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ పెట్టండి. అది మోగితే ముందు అందరినీ పైకి, గాలిలోకి తీసుకురండి. ఇంజన్ ఆపడం, కారణం వెతకడం ఆ తర్వాత.