ఆ మూడు స్వరాల గురించి

చిరంజీవులకు ఆశీస్సులు.

బ్లాక్ సబ్బాత్ అనే రాక్ బ్యాండ్ మొదటి ఆల్బం మీద నా అభిప్రాయం రాసి పంపమని అడిగారు. రాక్ సంగీతాన్ని పట్టుబట్టి విన్నవాణ్ని కాను. ఎవరైనా పెడితే వింటాను, చెవికి నచ్చితే మళ్లీ పెట్టమంటాను. నా పరిచయం అంతవరకే. అందువల్ల ఇది పండితుడి తీర్పు కాదని తెలిసే చదవండి.

ఆల్బం పేరు, బ్యాండ్ పేరు, మొదటి పాట పేరు మూడూ ఒకటే. ఆ పాట వాన చప్పుడుతో మొదలవుతుంది. దూరంగా ఉరుము, దానితోపాటు ఆగి ఆగి మోగే గంట. అర నిమిషం దాటేదాకా వాద్యమన్నదే వినబడదు. ఆ తరవాత గిటార్ ఒక్కసారిగా మీద పడుతుంది. అది వాయించేవి మూడే స్వరాలు. మీరు నేర్చుకున్న కర్ణాటక సంగీతం భాషలో చెప్పాలంటే మొదట షడ్జమం (స), తరవాత పైస్థాయి షడ్జమం, అక్కడినుంచి దిగి ప్రతిమధ్యమం (రెండు ‘మ’లలో పైది). గిటార్ వాయించేవాడు ఆ ప్రతిమధ్యమాన్ని వేలితో వణికిస్తూ అక్కడే నిలిపేస్తాడు.

షడ్జమానికీ ప్రతిమధ్యమానికీ మధ్య ఉన్న దూరానికి పాతకాలపు యూరప్ సంగీతజ్ఞులు ‘సంగీతంలోని దయ్యం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. నాకు ఆ పేరు సబబుగా తోచలేదు. కల్యాణి రాగంలో ఉన్నది ఆ ప్రతిమధ్యమమే కదా, అక్కడ మనకు భయం ఎందుకు కలగదు? కింద గాంధారం (గ), పైన పంచమం (ప) తోడుగా ఉంటాయి కనుక, పాడేవారు ఆ స్వరం మీద ఎంతసేపు నిలిచినా చివరకు పంచమానికి చేరతారని మన చెవి ధైర్యంగా ఉంటుంది. ఇక్కడ ఆ పంచమానికి చేరి నిలవడం ఉండదు. పాట మళ్లీ మొదటి షడ్జమానికే వెళ్లి, మళ్లీ అదే అంచున వచ్చి నిలబడుతుంది. భయం స్వరంలో లేదు, దాన్ని ఒంటరిగా వదిలేయడంలో ఉంది. ఇది తెలిశాక కూడా రాత్రిపూట వింటే నాకు ఒళ్లు జలదరిస్తుందని ఒప్పుకోవాలి.

ఆ గిటార్ వాయించిన టోనీ అయోమీది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్. పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా యంత్రంలో పడి అతని కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం మనిషి కనుక తీగల్ని గిటార్ మెట్ల మీద నొక్కవలసినది ఆ కుడిచెయ్యే. ప్లాస్టిక్ సీసాను కరిగించి, తెగిన వేళ్లకు తొడుగులు చేసుకుని, వాటికి తోలు అంటించుకున్నాడు. తొడుగు వేసిన వేలికి తీగ స్పర్శ తెలియదు. మామూలు తీగలు నొక్కడం కష్టమై సన్నని తీగలు వేసుకున్నాడు. ఎక్కువ వేళ్లు కావలసిన పట్లు తగ్గించి, రెండు మూడు స్వరాల్నే బరువుగా మోగించే పద్ధతికి అలవాటుపడ్డాడు. పాటలో స్వరానికీ స్వరానికీ మధ్య వినబడే ఆ ఖాళీలో, ఆ బరువులో ఈ వేళ్ల పాత్ర చాలా ఉందని నా నమ్మకం.

ఆల్బంలో చాలా భాగం 1969 అక్టోబరులో లండన్‌లోని ఒక స్టూడియోలో ఒక్క రోజులో రికార్డయింది. పాడిన ఆజీ ఆస్‌బర్న్, బేస్ గిటార్ వాయించిన గీజర్ బట్లర్, డ్రమ్స్ వాయించిన బిల్ వార్డ్, అయోమీ అందరూ అప్పటికి ఇరవై, ఇరవై ఒకటి ఏళ్లవాళ్లే. నలుగురూ కలిసి, వేదిక మీద వాయించినట్టే వాయించేశారు. వాన, గంట తరవాత చేర్చినవి. డ్రమ్స్ దెబ్బ ఒకచోట కాస్త ముందు పడుతుంది, గొంతు ఒకచోట పట్టు తప్పబోయి నిలదొక్కుకుంటుంది. ఇప్పటి రికార్డింగుల్లో ఇలాంటివి చెరిపేస్తారు. నాకు మాత్రం అవి ఉన్నందువల్లే ఎదురుగా మనుషులు వాయిస్తున్నట్టు అనిపిస్తుంది.

ఇక నచ్చనిది. చివర్లో ‘వార్నింగ్’ అనే పాట ఉంది. అది వీళ్ల సొంత పాట కాదు, మరో బ్యాండ్‌ది. వీళ్ల చేతిలో పది నిమిషాలు దాటింది. మధ్యలో గిటార్ ఒంటరిగా తిరిగిన దారిలోనే తిరుగుతూ ఉంటుంది. మూడు స్వరాలతో అంత భయం పుట్టించినవాడు ఇన్ని స్వరాలు వాయించి ఏం సాధించాడో నాకు అర్థం కాలేదు. గిటార్ నేర్చినవాళ్లకు అందులో రుచి తెలుస్తుందేమో. నేను మాత్రం రెండుసార్లు లేచి మంచినీళ్లు తాగి వచ్చాను.

1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు, ఆల్బం బ్రిటన్‌లో విడుదలైంది. రోలింగ్ స్టోన్ అనే అమెరికా సంగీత పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్ అనే విమర్శకుడు దీన్ని క్రీమ్ అనే బ్యాండ్‌కు నాసిరకం నకలుగా తీసిపారేశాడు. జనం అదేమీ పట్టించుకోలేదు. బ్రిటన్ అమ్మకాల పట్టికలో అది ఎనిమిదో స్థానానికి చేరింది. బ్యాంగ్స్ విసుక్కున్నది ‘వార్నింగ్’ లాంటి చోట్ల అయితే నేనూ అతని పక్షమే. మొదటి పాట దగ్గర మాత్రం అతనితో నాకు పొత్తు కుదరదు.

మీరు మొదటి పాటను చీకట్లో, మధ్యలో ఆపకుండా వినండి. చివరి పాట దగ్గర ఎన్నో నిమిషంలో లేచారో మాత్రం నిజం రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య