షుగర్ అదుపులోనే ఉంది, మరి అరికాళ్ల మంటలెందుకు?

కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియడం లేదని డాక్టరుకు చెప్పుకునే షుగర్ పేషెంట్లు చాలామందే ఉంటారు. కొందరి రిపోర్టులో హెచ్‌బీఏ1సీ, అంటే ‘మూడు నెలల షుగర్’, 6.8 అని ఉంటుంది. అంటే షుగర్ అదుపులో ఉన్నట్టే. అయినా రాత్రయితే అరికాళ్లు మండుతాయి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. రక్తంలో తేలే అంకెకూ కాలి నరాలకూ ముడి ఎప్పుడు పడిందో, ఎక్కడ వదులైందో చూడాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మొదట్లో వైద్యులు ఈ వ్యవహారాన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నారు. 1849లో ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్ అనే శాస్త్రవేత్త కుందేలు మెదడు అడుగుభాగాన సూదితో గుచ్చితే దాని మూత్రంలో చక్కెర పడింది. దాంతో నరాల జబ్బు వల్లే మధుమేహం వస్తుందని అనుకున్నారు. 1864లో మార్షల్ ద కాల్వి అనే మరో ఫ్రెంచి వైద్యుడు దాన్ని తిరగేశాడు. ముందు షుగర్, దాని వెనకే నరాల నష్టం అన్నాడు. అయితే నెలల తరబడి షుగర్ ఎలా ఉందో కొలిచే సాధనం వందేళ్ల వరకు ఎవరి చేతిలోనూ లేదు.

1968లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహ్బర్ అనే వైద్యుడు రోగుల హిమోగ్లోబిన్‌లో తేడాలు వెతుకుతుంటే, షుగర్ ఉన్నవారి నమూనాల్లో ఒక పట్టీ విడిగా కనిపించింది. ఎర్ర రక్తకణం బతికే నాలుగు నెలలూ గ్లూకోజు హిమోగ్లోబిన్‌కు అంటుకుంటూనే ఉంటుంది. అలా గ్లూకోజు అంటుకున్న హిమోగ్లోబినే ఆ పట్టీ, దాని పేరే హెచ్‌బీఏ1సీ. 1976లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ పరిశోధకులు, ఆసుపత్రిలో ఉన్న ఐదుగురిలో షుగర్ తగ్గేకొద్దీ ఇదీ తగ్గుతుందని చూపించారు. మనం ‘మూడు నెలల షుగర్’ అనే పరీక్షకు పునాది అదే. 1993లో అమెరికా, కెనడాల్లోని 1,441 మంది టైప్-1 రోగులపై జరిపిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. హెచ్‌బీఏ1సీని 9 దగ్గర కాకుండా 7 దగ్గర ఉంచినవారిలో నరాల నష్టం ముప్పు 60 శాతం తగ్గింది. ఆ అంకెకు ఇంత గౌరవం అప్పటి నుంచే.

కానీ మన చుట్టూ ఉన్న పేషెంట్లలో ఎక్కువమంది టైప్-2 వాళ్లు. 2012లో కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య సమీక్షల సంస్థ పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, వీళ్లలో షుగర్‌ను గట్టిగా అదుపు చేసినా నరాలకు దక్కిన మేలు కొద్దిపాటిదే. అధిక బరువు, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు కూడా నరాల మీద పడుతున్నాయని పరిశోధకులు అంటున్నారు. పైగా ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. రక్తకణాలు త్వరగా నశించే జబ్బుల్లో తక్కువ చూపిస్తుంది.

ఇంకో చిక్కు మందులోనే ఉంది. షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే చిన్నపేగులో బీ12 విటమిన్ సరిగ్గా ఒంటబట్టదని 1970ల మొదట్లోనే గమనించారు. బీ12 తగ్గినా తిమ్మిర్లే, మంటలే. అవి షుగర్ వల్లో బీ12 లోపం వల్లో లక్షణాలతో విడదీయడం కష్టం. మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బీ12 లోపం సాధారణమేనని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది మాత్రం 2022లో! మాంసం, గుడ్లు, పాలు ముట్టనివాళ్లకు ముప్పు మరీ ఎక్కువ.

ఇక్కడ మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావు కథ కూడా తగులుతుంది. 1945లో ఆయన బృందం అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దాన్ని ప్రాణాంతక రక్తహీనతకు ఇస్తే రక్తం కోలుకుంది, నరాలు మాత్రం చెడుతూనే పోయాయి. అసలు లోటు బీ12దని 1948లో దాన్ని వేరుచేశాక తేలింది. రక్తం రిపోర్టు బాగుంటే నరాలూ బాగున్నట్టేననుకోవడం అప్పుడే తప్పని రుజువైంది, అయినా మనకా ధీమా పోలేదు.

నరాల పోగులు తెగినప్పుడు రక్తంలోకి చేరే న్యూరోఫిలమెంట్ అనే ప్రోటీన్‌తో నరాల నష్టాన్ని పసిగట్టవచ్చని ఇప్పుడు ఆశలున్నాయి. అయితే అది వయసుతోనూ మెదడు జబ్బుల్లోనూ పెరుగుతుంది కాబట్టి షుగర్ నరాలకే ప్రత్యేకమని చెప్పలేం.

ఈలోగా పనికొస్తున్నది ఒక నైలాన్ పోగు. దాని వెనక ఉన్నది కుష్ఠు వైద్యం. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో పాల్ బ్రాండ్ అనే సర్జన్, కుష్ఠు రోగుల వేళ్లు పోయేది మాంసం కుళ్లి కాదని, స్పర్శ లేక దెబ్బలు తెలియకపోవడం వల్లేనని చూపించాడు. 1966లో ఆయన అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడే 1980ల్లో, 10 గ్రాముల ఒత్తిడికి వంగే పోగు తగలడం తెలియని పాదానికి పుండు ముప్పుందని తేల్చారు. టైప్-2 అయితే జబ్బు బయటపడ్డ రోజే, టైప్-1 అయితే ఐదేళ్లకు, ఆ తర్వాత ఏటా ఒకసారి పాదాలు పరీక్షించాలి. దీనికి రక్తం చుక్క కూడా అక్కర్లేదు, డాక్టరు ముందు సాక్సు విప్పితే చాలు.