ఎన్నిసార్లు కనపడితే నమ్ముతారన్నా?

తిరుపతిలో చిన్న షాపులకి ఫోన్ యాడ్స్ చేసిపెడతా ఉంటా కదా, ప్రతి ఓనరూ అడిగేది ఒకటే, "ఎన్నిసార్లు చూపిస్తే జనం వస్తారన్నా?" అని. ఎవరో ఏడు అని చెప్పుంటారు వాళ్ళకి. ఏడు అనేది మార్కెటింగ్ వాళ్ళ వాడుక మాటే గానీ ప్రయోగం చేసి తేల్చిన నంబర్ కాదు. అసలు ఈ లెక్కల గోల ఎక్కడ మొదలైందో చూద్దాం.

లెక్కల్లేని కాలంలోనే మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఈ పని చేసేసినారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టి, సంగీత కచేరీలకి వచ్చినోళ్ళకి ఊరికే పంచినారంట. గంటలు గంటలు కూర్చుంటే తల పట్టేయదా మరి, అక్కడికక్కడే రాసుకుంటారు, పక్కనోడికీ వాసన తగుల్తుంది, నాలుగు కచేరీలయ్యేసరికి డబ్బా ఇంటి మనిషైపోయింది. 1908లో ఆంధ్రపత్రిక పెట్టడానికి దన్ను కూడా ఆ బామ్ డబ్బులే.

తర్వాత చాన్నాళ్ళు గోడ రాతలు, సినిమా స్లైడ్లు. వివిధభారతిలో యాడ్స్ 1967లో, దూరదర్శన్‌లో 1976లో వచ్చినాయి గానీ చిత్తూరులో మా చిన్నప్పుడు ఊళ్ళో షాపుకి దిక్కు స్లైడే. ఒక బట్టల షాపు స్లైడు నాకింకా గుర్తే, చేత్తో రాసిన ఎర్ర అక్షరాలు, గాజు మూలన పగిలిన గీత, ఇంటర్వెల్ పడిందంటే ఆ గీత తెర మీద మూరెడు పొడుగు. ఏళ్ళ తరబడి అదే. ఒక దసరాకి మా అమ్మ ఆ షాపుకే పోదామనింది, ఎందుకంటే "వాళ్ళు మనకి తెలిసినోళ్ళే కదరా" అనింది. అంతకుముందు ఆ షాపు గడప తొక్కింది లేదు! ఆ చీర రెండు ఉతుకులకే రంగు దిగిపోయింది, అది వేరే సంగతి.

అమ్మ అన్న ఆ మాటనే, అంటే పదే పదే కనపడిందే మనకి నచ్చుతుందని, 1968లో అమెరికాలో రాబర్ట్ జాయన్స్ అనే సైకాలజిస్టు ప్రయోగంగా చూపించినాడు. ఆ మరుసటేడు బయటికొచ్చిన ఇంకో ప్రయోగం నాకు భలే ఇష్టం. మిచిగన్‌లో రెండు యూనివర్సిటీల స్టూడెంట్ పేపర్లలో కదిర్గా, నాన్సోమా లాంటి అర్థం తెలియని మాటల్ని యాడ్ మాదిరి వేసినారు, ఏ వివరమూ లేకుండా. కొన్ని ఒక్కసారి, కొన్ని 25 సార్లు. తర్వాత ఏది మంచి మాటలాగుంది అని అడిగితే ఎక్కువసార్లు పడినవాటికే మార్కులు.

1972లో జనరల్ ఎలక్ట్రిక్‌లో ఉన్న హెర్బర్ట్ క్రుగ్‌మన్ మూడు చాలన్నాడు. మొదటిసారి "ఏందిది?", రెండోసారి "నాకేం పని దీంతో?", మూడోసారి నుంచి గుర్తు చేయడమే. ఆయన చెప్పింది మనసులో జరిగే మూడు దశల గురించి, యాడ్ కంపెనీలేమో మూడుసార్లు వేస్తే సరిపోద్దని పట్టుకున్నాయి. 1977లో ఇంకో ప్రయోగంలో తేలింది కొంచెం భయపెట్టేది, అబద్ధమైనా సరే మళ్ళీ మళ్ళీ వింటే నిజమేనేమో అనిపిస్తుందంట. 1989లో బార్న్‌స్టీన్ అనే సైకాలజిస్టు ఇట్లాంటి 208 ప్రయోగాలు కలిపి చూసి, మోతాదు దాటి చూపిస్తే ఇష్టం తగ్గుతుందని కూడా చెప్పినాడు. 2010లో గూగుల్ రీమార్కెటింగ్ తెచ్చినాక, ఒకసారి చూసిన వస్తువు సైటు సైటుకీ మన వెనకాలే వస్తా ఉంది కదా, అక్కడ ఈ మోతాదు ఎవరికీ గుర్తు రావట్లేదు.

మా తిరుపతికి ఇంకో తిరకాసుంది. లోకల్ వాళ్ళు ఏడాదంతా చూస్తారు, యాత్రికులు ఉండేది ఒకటి రెండు రోజులే. అందుకే ఒకే లాడ్జి బోర్డు రేణిగుంట నుంచి అలిపిరి దాకా ఐదారు చోట్ల పెడతారు, లీలామహల్ సర్కిల్ వచ్చేసరికి ఆ పేరు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. విన్నది అరగంట ముందే. టీటీడీ సైటుని పోలిన ఫేక్ సైట్లు ఆడేదీ ఈ అలవాటుతోనే, అవే నామాలు, అదే గోపురం, చూసి చూసి ఉన్న కన్ను అడ్రస్ చదవదు.

అందుకే ఓనర్లకి నంబర్ చెప్పడం మానేసినా. మొన్న ఒక స్వీట్ షాపాయన ఊరుకోలేదు, "ఏదో ఒకటి చెప్పన్నా, బడ్జెట్ వేసుకోవాలి" అన్నాడు. ముందు కారాబూందీలో నూనె మార్చమన్నా, మొహం మాడ్చుకున్నాడు.