విడిగా ఉన్న గ్యారేజ్‌కి ఇంటి వైఫై: అపోహలు - వాస్తవాలు

ఇళ్లల్లో నెట్‌వర్క్ వేయడం నా పని. గ్యారేజ్‌కి వైఫై అందడం లేదని పిలిచేవాళ్లలో చాలామంది అప్పటికే ఒకటి రెండు పరికరాలు కొనేసి ఉంటారు. డబ్బు పోతుంది, సిగ్నల్ మాత్రం రాదు. ఇంటికీ గ్యారేజ్‌కీ మధ్య ఉన్న ఖాళీని ఎలా దాటాలో ముందే తేల్చుకుంటే ఆ ఖర్చు తప్పేది.

అపోహ: పవర్ ఎక్కువున్న రౌటర్ కొంటే చాలు.

వాస్తవం: వైఫైలో మాట రెండువైపులా వినపడాలి. రౌటర్ సిగ్నల్ గ్యారేజ్‌లోని ఫోన్‌కి చేరినా, ఫోన్ ఇచ్చే బలహీనమైన జవాబు రౌటర్‌కి చేరకపోవచ్చు. అందుకే ఒక్కోసారి గీతలు బాగానే కనిపిస్తాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. పెద్ద యాంటెన్నా కూడా కొత్తగా శక్తిని పుట్టించదు, ఉన్నదాన్నే కొన్ని దిక్కులకు మళ్లిస్తుంది.

అపోహ: సిగ్నల్ లేనిచోటే రిపీటర్ పెట్టాలి.

వాస్తవం: నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే. రిపీటర్ తనకు అందినదాన్నే తిరిగి పంపుతుంది. అందుకే దాన్ని సిగ్నల్ ఇంకా బాగున్న చోట, అంటే ఇంట్లోనే గ్యారేజ్ వైపు కిటికీ దగ్గర పెట్టాలి. ఒకే రేడియో ఉన్న రిపీటర్ అయితే వినడానికీ పంపడానికీ అదే ఛానెల్ వాడుతుంది కాబట్టి వేగం సుమారు సగానికి పడిపోతుంది.

కొనేముందు గ్యారేజ్‌లో నిలబడి ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్‌తో కొలవండి. సిగ్నల్ బలాన్ని డీబీఎంలో చూపిస్తుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 67 డీబీఎం దగ్గర ఉంటే వీడియో కాల్ సాఫీగా నడుస్తుంది. మైనస్ 80 అయితే దాని మీద ఆశ పెట్టుకోకండి. కొలిచేటప్పుడు ఇనుప షట్టర్ దించే ఉంచండి, లోహం రేడియో తరంగాలను వెనక్కి కొట్టేస్తుంది. షట్టర్ ఎత్తి ఉండగా పరీక్షించి, బాగుందనుకుని వచ్చేసిన ఒక ఇంటికి నేను మళ్లీ వెళ్లాల్సి వచ్చింది.

అపోహ: కరెంటు వైర్ల మీదే నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్ ఎక్కడైనా పనిచేస్తుంది.

వాస్తవం: గ్యారేజ్‌కి వేరే మీటరో వేరే ఫేజో ఉంటే నమ్మకం తక్కువ. తిరిగి ఇచ్చే వీలుంటేనే కొనండి.

అపోహ: ఏ ల్యాన్ కేబుల్ అయినా భూమిలో పాతేయొచ్చు.

వాస్తవం: కేబులే మేలైన దారి, నా మొదటి సలహా ఎప్పుడూ అదే. క్యాట్ 6 కేబుల్ మీద 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగం వస్తుంది. కానీ ఇంట్లో వాడే కేబుల్ తొడుగు ఎండకీ తడికీ పాడవుతుంది. భూమిలో వేయడానికి తయారైనదే తీసుకోండి. లోపల అల్యూమినియం, పైన రాగి పూత ఉండే చౌక రకం వద్దు, పూర్తి రాగిదే కావాలి. కరెంటు వైర్లున్న పైపులో దీన్ని కలపకండి.

పిడుగుల సంగతి చాలామందికి తట్టదు. రెండు కట్టడాలకీ వేర్వేరు ఎర్తింగ్ ఉంటే, పిడుగు దగ్గర్లో పడినప్పుడు రెండింటి మధ్య వోల్టేజ్ తేడా వచ్చి, రాగి తీగ గుండా రెండు చివర్లలోని పరికరాలనూ కాల్చేయవచ్చు. ఫైబర్‌లో ఉండేది గాజు, కరెంటు పారదు. లోహపు తీగ కలవని ఫైబర్, రెండు వైపులా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌లోని వెలుగునీ ల్యాన్ కేబుల్ సిగ్నల్‌నీ ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే పెట్టెలు) పెడితే ఆ టెన్షన్ ఉండదు. తవ్వే వీలే లేకపోతే, అడ్డు లేకుండా ఒకదానికొకటి ఎదురుగా కనిపించేలా రెండు వైర్‌లెస్ బ్రిడ్జ్‌లు (కేబుల్ బదులు గాలిలో నెట్‌ని ఒకదాన్నుంచి ఇంకోదానికి పంపే పరికరాలు) బిగించండి. మధ్యలో చెట్టుంటే ఆకులు గుబురుగా ఉండే కాలాన్ని లెక్కలోకి తీసుకోండి.

అపోహ: గ్యారేజ్‌లో పాత రౌటర్‌ని అలాగే తగిలిస్తే సరిపోతుంది.

వాస్తవం: అలా చేస్తే అది వేరే నెట్‌వర్క్ తయారుచేస్తుంది, అక్కడి ప్రింటర్ ఇంట్లోని కంప్యూటర్‌కి కనపడదు. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి, అంటే ఇంటి నెట్‌వర్క్‌నే వైఫైగా అందించేలా మార్చండి. ఆ మోడ్ లేకపోతే దాని అడ్రస్ ఇంటి రౌటర్‌తో కలవకుండా మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రస్‌లు పంచే సేవ) ఆపి, కేబుల్‌ని ల్యాన్ పోర్టులో పెట్టండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ ఇంట్లోవే ఇవ్వండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఇల్లు ఛానెల్ 1 మీద ఉంటే గ్యారేజ్‌కి 6 గానీ 11 గానీ పెట్టండి.

గొయ్యి పూడ్చేముందు, కేబుల్ వేసిన పైపులో ఒక నైలాన్ తాడు వదిలేయండి. రేపు ఇంకో కేబుల్ లాగాల్సి వస్తే మళ్లీ తవ్వక్కర్లేదు.