ఖైదీలకు పాటలెందుకు? అపోహలు - వాస్తవాలు

సెంట్రల్ జైల్లో వారం వారం సంగీతం క్లాసు చెబుతానంటే వినేవాళ్లు రెండు రకాలుగా స్పందిస్తారు. కొందరు "అబ్బ, ఎంత పుణ్యమండీ" అంటారు. ఇంకొందరు "వాళ్లకి అదొక్కటే తక్కువైందా" అంటారు. నిజం చెప్పాలంటే రెండోరకం వాళ్లకు జవాబు చెప్పడమే తేలిక. అందుకే వాళ్లతోనే మొదలుపెడతాను.

అపోహ: జైలంటే శిక్ష. అక్కడ పాటలూ బొమ్మలూ అంటే నేరస్థుల్ని మేపడమే.

వాస్తవం: ముందు లోపల ఎవరున్నారో చూడండి. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురిపై నేరం ఇంకా రుజువు కాలేదు. వీళ్లలో చాలామందికి రోజంతా చేయడానికి పనంటూ ఉండదు. పొద్దున బ్యారక్ తలుపు తీస్తారు, సాయంత్రం లాకప్ చేస్తారు, మధ్యలో కోర్టు వాయిదా గురించీ, ములాఖత్‌కి ఇంటివాళ్లు వస్తారా అనీ ఆలోచన. ఇక శిక్ష పడ్డవాళ్ల సంగతంటారా, కోర్టు తీసుకున్నది వాళ్ల స్వేచ్ఛని. నోరు కూడా కట్టేయమని ఏ తీర్పులోనూ ఉండదు. ఐక్యరాజ్య సమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 105వది, ఖైదీల మానసిక, శారీరక ఆరోగ్యం కోసం ప్రతి జైల్లోనూ సాంస్కృతిక కార్యక్రమాలు ఉండాలని చెబుతుంది.

అయినా జైలు పాట మనకేం కొత్త? రామదాసు గోల్కొండ చెరలో పాడుకున్నాడని చెప్పే కీర్తనలు భద్రాచలంలో కళ్లు మూసుకుని వింటాం. దాశరథి నిజామాబాదు జైలు గోడ మీద బొగ్గుతో పద్యం రాశాడని బళ్లో గర్వంగా చెప్పుకుంటాం. "వాళ్లు నేరస్థులు కాదు కదా" అంటారేమో. అప్పటి సర్కారు కాగితాల్లో నేరస్థులే.

అపోహ: వాయిద్యాలు లోపలికి పంపితే ప్రమాదం.

వాస్తవం: ఈ భయంలో సగం నిజముంది, దాన్ని తీసిపారేసేవాళ్లని జైలు సిబ్బంది నమ్మరు, నమ్మకూడదు కూడా. గిటారు, వయొలిన్ తీగలు లోహం. తబలా శ్రుతి చేసే సుత్తి సుత్తే కదా. అది క్లాసు అవగానే నాతోపాటు బయటికొచ్చేయాలి. డప్పుది ఇంకో చిక్కు. చర్మం బిగియాలంటే మంట మీద కాచాలి, బ్యారక్ ముందు మంట పెట్టనిచ్చేదెవరు? అందుకని ప్లాస్టిక్ మూత బిగించిన డప్పే వాడతాం. ఆ మోత వింటే పాతకాలపు డప్పు కళాకారులు నన్ను తిడతారు, తిట్టనివ్వండి. కోలాటం కర్రలకు అనుమతి అడగడానికి నాకే మొహం చెల్లలేదు. చప్పట్లతో వేయిస్తున్నాం, బానే ఉంది. బొమ్మల క్లాసులోనూ ఇంతే. మండే గుణమున్న టర్పెంటైన్ పనికిరాదు కాబట్టి నీళ్ల రంగులే. పెన్సిల్ చెక్కే షార్ప్‌నర్‌లో బ్లేడుంటుందని మనకి తట్టదు, వార్డరుకి తడుతుంది. ఇచ్చిన బ్రష్షులన్నీ లెక్కపెట్టి తీసుకుంటాం. ఇన్ని జాగ్రత్తలతో నడిచే క్లాసు ప్రమాదమేమీ కాదు, కాస్త ఓపిక కావాలంతే.

అపోహ: ఆగస్టు 15కి స్టేజీ ప్రోగ్రాం పెడతారుగా, అది చాలదా?

వాస్తవం: చాలదు. ఆరోజు ఖైదీ ప్రేక్షకుడు, ముందు వరసలో అతిథులు, ఫొటోలు. వారం వారం జరిగే క్లాసు వేరు. అక్కడ పక్కవాడి తాళం వినకపోతే తన పాట చెడుతుంది. పక్క బ్యారక్ వాడితో మాటల్లేని మనిషి కూడా పల్లవి అందుకోవడానికి వాడి మొహం చూడాల్సిందే. అయితే రిమాండ్ ఖైదీలకు చెప్పేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఈ వారం ఉన్నవాడు వచ్చేవారం ఉండడు. ఒకడికి బెయిలొస్తుంది, ఇంకొకడికి ఆరోజే కోర్టు వాయిదా ఉంటుంది. అందుకని ఏ క్లాసుకా క్లాసు పూర్తయ్యేలా పాఠం కట్టుకోవాలి. సరళీ స్వరాలతో మొదలెట్టి ఏడాదికి వర్ణం చేరుద్దామంటే కుదరదు. సగం పాటలో బెయిలొచ్చి వెళ్లిపోయినవాళ్లంటే నాకు మహా ఇష్టం.

అపోహ: గొంతూ చదువూ ఉన్నవాళ్లకే.

వాస్తవం: ఊళ్లో భజనల్లో తాళం కొట్టినవాళ్లు, బోనాలకు డప్పేసినవాళ్లు ఏ బ్యారక్‌లోనైనా ఉంటారు. అక్షరాలు రానివాళ్లు, తాము కట్టిన పాట కాగితం మీద చూసుకోవాలని రాత నేర్చుకోవడం నేను చూశాను.

అపోహ: కళ మనిషిని మార్చేస్తుంది.

వాస్తవం: ఇది పుణ్యం బాపతు వాళ్ల మాట. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేదీ ఇదే. కోల్‌కతా ప్రెసిడెన్సీ జైల్లో నర్తకి అలకానంద రాయ్ ఖైదీలతో ఠాగూర్ గేయనాటకం 'వాల్మీకి ప్రతిభ' ఆడించి, బయటి వేదికల మీదికి కూడా తీసుకెళ్లారు. గొప్ప పని. కానీ దొంగ వాల్మీకి అయ్యే కథ మనకు ఎంత నచ్చిందంటే, ఇప్పుడు ప్రతి ఖైదీ దగ్గరా అదే కథ ఆశిస్తున్నాం. కాలిఫోర్నియా జైళ్ల కళా కార్యక్రమాల మీద పరిశోధకుడు లారెన్స్ బ్రూస్టర్ 1983లో చేసిన అధ్యయనంలో, పాల్గొన్నవాళ్ల మీద క్రమశిక్షణ కేసులు తగ్గినట్టు తేలింది. మంచి ఫలితమే. అయితే ఇలాంటి లెక్కలన్నిటిలోనూ ఒక మెలిక ఉంటుంది. క్లాసుకి తమంతట తాము వచ్చేవాళ్లు మొదట్నుంచీ కొంత నెమ్మదస్తులై ఉండొచ్చు కదా! విడుదలయ్యాక మళ్లీ జైలుకు రాకుండా చేసేవి పని, ఇల్లు, ఇంట్లోవాళ్లు రానివ్వడం. హార్మోనియం వాటి బదులు నిలబడలేదు. పాట వల్ల ఆ రాత్రి నిద్రపట్టిందని ఒకడు చెబితే నాకు చాలు, దాన్ని పరివర్తన అని రిపోర్టులో రాయను.

అపోహ: వాళ్ల కథ వాళ్లచేత పాడిస్తేనే అసలైన కళ.

వాస్తవం: విచారణలో ఉన్న మనిషిచేత "ఆరోజు ఏం జరిగింది" అని పాట రాయించడమంటే అతని కేసులో వేలు పెట్టడమే. ఆ కాగితం ఎవరి చేతికైనా చేరొచ్చు. నా క్లాసులో కేసు గురించి అడగం, ఎవరైనా మొదలెట్టినా ఆపేస్తాం. వాన మీద, అమ్మ వంట మీద, ఊరి జాతర మీద పాటలు కడతారు. కావాల్సినంత కథ అందులోనే ఉంటుంది.

ఆడవాళ్ల బ్యారక్ సంగతి ఎవరూ అపోహగా కూడా తలుచుకోరు. సంఖ్య తక్కువని కార్యక్రమాలు అక్కడిదాకా రావు. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఆరేళ్లలోపు పిల్లలు తల్లితో జైల్లో ఉండొచ్చు. అక్కడ నేను కొత్తగా నేర్పాల్సిందేం ఉండదు, లాలిపాటలు వాళ్ల దగ్గరే నేను రాసుకుంటాను.

అపోహ: మంచి మనసుంటే ఎవరైనా వెళ్లి నేర్పొచ్చు.

వాస్తవం: మనసు కంటే ముందు అనుమతి ఉండాలి. సూపరింటెండెంటుకు దరఖాస్తు పెట్టండి. అందులో ఏ రోజు, ఎంతసేపు, ఏ వస్తువులు అన్నది విడివిడిగా రాయండి. "సంగీత పరికరాలు" అని ఒక్కముక్కలో రాస్తే గేటు దగ్గర ఆగిపోతారు. ఫోను బయటే వదిలేయాలి, కాబట్టి శ్రుతి యాప్ పనికిరాదు, శ్రుతిపెట్టె తీసుకెళ్లండి. హార్మోనియం అయితే మూత తీసి, రీడ్ల కింద కూడా సోదా చేస్తారు. ఆ టైము కలుపుకుని ముందే గేటు దగ్గరుంటే క్లాసు ఆలస్యం కాదు.