డెన్మార్క్ అడవి, అరకు కాఫీ

1807లో బ్రిటిష్ నౌకాదళం కోపెన్‌హాగన్ మీద పడి డెన్మార్క్ యుద్ధనౌకలను పట్టుకుపోయింది. మళ్ళీ ఓడలు కట్టుకుందామంటే ఓక్ కలప కావాలి. అడవేమో అప్పటికే పొలాలకీ పొయ్యిలకీ ఖర్చయిపోయి, దేశం మొత్తమ్మీద రెండు మూడు శాతమే మిగిలింది. సరే, ఓక్ మొక్కలు నాటారు. అవి ఓడల దూలాలకు పనికొచ్చేంత లావెక్కడానికి రెండొందల ఏళ్ళు పడుతుంది. ఈలోగా ఓడలే ఇనుముకి మారిపోయాయి.

ఇప్పుడక్కడ అడవి 15 శాతానికి కాస్త అటూ ఇటూ. దాదాపు 60 శాతం నేల సాగులో ఉంది. 20 ఏళ్ళలో 100 కోట్ల చెట్లు పెంచాలని 2024 నవంబర్‌లో ఆ దేశ పార్టీలు ఒప్పందం చేసుకున్నాయి. దానికి 4,300 కోట్ల క్రోనర్లు పక్కన పెట్టారు. ఎక్కువ భాగం రైతుల దగ్గర పొలాలు కొనడానికే.

ఇంత ఖర్చు ఎందుకంటే, నీళ్ళు పాడయ్యాయి కాబట్టి. ఆ దేశ జనాభా 60 లక్షలు, పందులు దానికి దాదాపు రెట్టింపు. వాటి పెంట, పొలాల్లో చల్లిన ఎరువు వానకి కొట్టుకుపోయి సముద్రపు పాయల్లో చేరతాయి. ఆ నత్రజనితో నాచు బలిసి, చచ్చి, అడుగున కుళ్ళుతుంది. కుళ్ళబెట్టే బాక్టీరియా నీళ్ళలోని ఆక్సిజన్ మొత్తం లాగేస్తుంది. చేపలు చస్తాయి. తెల్లవారుజామున నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పే భీమవరం చెరువు రైతుకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

చెట్లు నాటడం మంచిదే. కానీ ఆ పందులు తినే సోయా చాలావరకు దక్షిణ అమెరికాది. పొలం తగ్గి, పందులు తగ్గకపోతే, మేత మరోచోట పండాలి, దానికోసం అక్కడి అడవి కొట్టాలి. దీన్నే శాస్త్రవేత్తలు లీకేజీ అంటారు. ఒకచోట పెరిగిన అడవి ఇంకోచోట కారిపోతుందన్నమాట.

ఇక డెన్మార్క్ కూడా ఉన్న యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన చట్టం. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టిన నేలలో పండిన కాఫీ, కోకో, సోయా, పామాయిల్ లాంటివి యూరప్ మార్కెట్లోకి రాకూడదు. అమలు వాయిదాలు పడుతోంది గానీ, అరకు కొండల్లో సిల్వర్ ఓక్ నీడన ఎకరం రెండెకరాల్లో కాఫీ పండించే గిరిజన రైతు పంట అక్కడికి వెళ్ళాలంటే ఆ తోట జీపీఎస్ లెక్కలతో సహా చూపాల్సిందే. యూరప్ రైతుకీ ఇదే చట్టం, కాదనను. కాకపోతే డెన్మార్క్ తన నరుకుడు 1800కే ముగించుకుంది. ఆ కట్టెల పొగలోని కార్బన్ డయాక్సైడ్ కొంత ఇప్పటికీ గాల్లోనే ఉంది.

"మీరు నరికారుగా, మేమూ నరుకుతాం" అనే వాదన నాకు నచ్చదు. నా పేచీ ఆ 2020 తేదీతోనే. అర్జెంటీనాలో చాకో అడవిని 2005లో కొట్టి వేసిన సోయా చేను ఈ పరీక్షలో నిక్షేపంగా పాసవుతుంది.